1,500 డాలర్లలో పందుల వేటకు థర్మల్ స్కోప్: 256 చాలునా, 384 తప్పదా?

ప్రశ్న: లిటిల్ రివర్ ఒడ్డు

అందరికీ నమస్కారం. మేము టెక్సాస్‌లో, ఆస్టిన్‌కు ఉత్తరాన రౌండ్ రాక్‌లో ఉంటాం. రెండేళ్ల కిందట ముగ్గురు మిత్రులం కలిసి మైలమ్ కౌంటీలో లిటిల్ రివర్‌కు దగ్గరగా 38 ఎకరాల భూమి కొని, అందులో ఎక్కువ భాగం పక్క రైతుకు మొక్కజొన్నకూ పశువుల గడ్డికీ కౌలుకిచ్చాం. ఈ మార్చిలో ఆయన విత్తిన నాలుగో రోజు రాత్రే పందులు పడ్డాయి. తెల్లవారి వెళ్లి చూస్తే సాలు వెంబడి ఎవరో తాడు పట్టుకుని గుంతలు తీసినట్టుగా, ఒక్కో గింజనూ ముట్టెతో పెళ్లగించి తినేసి ఉన్నాయి. గడ్డినేలలో ట్రాక్టరు నడపలేనంత గోతులు పడ్డాయి. కౌలుదారు పెద్దగా కోప్పడలేదు గానీ, "భూమి మీది కాబట్టి పందులూ మీవే" అని ఒక్క మాట అన్నాడు.

పగలు ఒక్కటీ కనబడదు. ట్రెయిల్ కెమెరాలో చూస్తే రాత్రి 11 నుంచి 3 గంటల మధ్యే వస్తున్నాయి. నా దగ్గర .308 బోల్ట్ తుపాకీ ఉంది. పొలం మధ్యలో పాత యజమాని కట్టించిన 12 అడుగుల ఎత్తు మంచె ఉంది. మంచె నుంచి మొక్కజొన్న ఫీడరు (పందులను రప్పించడానికి గింజలు చల్లే డబ్బా) 120 గజాలు, దూరపు కంచె 220 గజాలు. తూర్పు వైపు కౌంటీ రోడ్డు, దాని అవతల ఒక ఇల్లు ఉన్నందువల్ల ఆ దిక్కుకు కాల్చే ప్రశ్నే లేదు. ఉత్తరాన పక్కవారి ఆవులు మేస్తుంటాయి, దూడలు అప్పుడప్పుడు కంచె సందుల్లోంచి మా వైపు వచ్చేస్తాయి.

అందుకని, చీకట్లో ఒంటి వేడిని బొమ్మగా చూపే థర్మల్ స్కోపు ఒకటి తుపాకీకి పెట్టాలనుకుంటున్నాం. బిగించే మౌంటుతో కలిపి 1,500 డాలర్లు దాటకూడదని ముగ్గురం అనుకున్నాం. వెతికిన కొద్దీ అయోమయం పెరుగుతున్నది. 256, 384, 640 (అడ్డంగా ఉన్న పిక్సెళ్ల సంఖ్య) అంటూ సెన్సర్లు, 19 నుంచి 50 మి.మీ. దాకా లెన్సులు, "1,800 మీటర్ల దూరాన్నైనా పసిగడుతుంది" అనే ప్రకటనలు. నాకు కావలసింది 220 గజాలు మాత్రమే అయినప్పుడు 1,800 మీటర్లు చూపగల పరికరం అవసరానికి మించినది కదా, అందులో చౌకైనది తీసుకుంటే సరిపోదా? లేక థర్మల్ వద్దనుకుని 500 డాలర్లలో వచ్చే డిజిటల్ నైట్ విజన్ మేలంటారా? వాడి చూసినవారు చెప్పగలరు.

సమాధానం 1: మంచె మీద మనిషి

దూరాలు కొలిచి అడిగారు కనుక జవాబు కూడా లెక్కతోనే చెబుతాను.

ముందు ఆ 1,800 మీటర్ల సంగతి. 1958లో అమెరికా సైన్యపు పరిశోధకుడు జాన్ జాన్సన్ ఒక కొలమానం ప్రకటించాడు. ఇప్పటి ప్రకటనల్లోని దూరాలకు మూలం అదే. ఎదుట ఉన్నదాని చిన్న వైపు కొలత మీద రెండు పిక్సెళ్లు పడితే "ఏదో ఉంది" అని తెలుస్తుంది; ఎనిమిది పడితే అది ఏ రకపు జంతువో పోల్చుకోవచ్చు; పన్నెండు, పదమూడు దాటితే గాని ఇది ఫలానా అని చెప్పలేం. ప్రకటనలో వేసేది ఆ మొదటి దూరం. 35 మి.మీ. లెన్సుతో 1,800 మీటర్ల దూరాన ఒక్కో పిక్సెల్ 60 సెంటీమీటర్లకు పైగా వెడల్పును మింగేస్తుంది కాబట్టి, నిలబడ్డ మనిషి అక్కడ నిలువునా మూడు తెల్ల చుక్కలుగా మాత్రమే కనబడతాడు. ఆ మూడు చుక్కలను చూసి మీట నొక్కే మనిషికి అసలు తుపాకీయే ఇవ్వకూడదు.

ఇక మీ పొలం లెక్క. ఇప్పుడు దొరికే చాలా పరికరాల్లో సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు 12 మైక్రాన్లు. ఆ 12ను లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే, వెయ్యి గజాల దూరాన ఒక పిక్సెల్ కప్పే వెడల్పు గజాల్లో వస్తుంది. మధ్యరకం పంది పొడవు 120 సెం.మీ., ఎత్తు 65 సెం.మీ. అనుకుందాం. మీ ఫీడరు దగ్గర, అంటే 120 గజాల్లో, 19 మి.మీ. లెన్సు ఆ పందిని 17 పిక్సెళ్ల పొడవుగా, 9 పిక్సెళ్ల ఎత్తుగా చూపుతుంది. 25 మి.మీ. అయితే పొడవు 23, ఎత్తు 12. 35 మి.మీ. అయితే పొడవు 32, ఎత్తు 17. అదే పంది 220 గజాల కంచె దగ్గర నిలబడితే 35 మి.మీ. లెన్సు కూడా 17, 9 పిక్సెళ్లే ఇస్తుంది. అంటే, పెద్ద లెన్సుతో కంచె దగ్గరి పందిని చూడటం, చిన్న లెన్సుతో ఫీడరు దగ్గరి పందిని చూడటం ఒకటే.

ఈ లెక్కలో 256, 384, 640 అనే అంకెలు ఎక్కడా రాలేదని గమనించారా? చాలామంది పొరపడేది ఇక్కడే. లెన్సు, పిక్సెల్ వెడల్పు మారనంత వరకు పంది మీద పడే పిక్సెళ్లు మూడు సెన్సర్లలోనూ సమానమే. పెద్ద సెన్సర్ ఇచ్చేది పక్కలకు అదనపు చోటు. 35 మి.మీ. లెన్సుకు 384 సెన్సర్ ఉంటే 100 గజాల దూరాన సుమారు 13 గజాల వెడల్పు కనబడుతుంది. 640 ఉంటే దాదాపు 22 గజాలు. మంద చెదిరి పరుగెత్తినప్పుడు ఆ తేడా తెలుస్తుంది గానీ, ఫీడరు దగ్గర తలవంచి తింటున్న పంది పందేనా, దూడా అని తేల్చడానికి అది పనికిరాదు. తేల్చేది లెన్సు.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసిన విషయం కాదు. నేను మొదట కొన్నది 19 మి.మీ. లెన్సు, 256 సెన్సర్. ఒక నవంబరు రాత్రి 150 గజాల దూరంలో గడ్డిలో ఒక తెల్లటి ముద్ద, దాని పక్కన ఇంకొకటి. వీపు గుండ్రంగా ఉంది, తల కిందికి ఉంది, మెడ లేదు. పందేనని అనుకుని, పెద్దగా కనబడుతుందేమోనని డిజిటల్ జూమ్ నాలుగింతలు చేశాను. ఉన్న పదమూడు పిక్సెళ్లే పెద్ద పెద్ద గళ్లయ్యాయి తప్ప కొత్త వివరం ఏదీ రాలేదు. వేలు మీట మీద పెట్టలేదు గనుక బతికిపోయాను. రెండు నిమిషాల తరువాత ఆ ముద్ద ముందు వెనకభాగం ఎత్తి, ఆ తరువాత ముందుకాళ్ల మీద లేచింది. పశువులను చూసి పెరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు, అలా లేచేది ఆవు జాతి. పక్కవారి దూడ! పక్కనున్నది దాని తోడుది.

కాబట్టి నా సలహా 384 సెన్సర్, 35 మి.మీ. లెన్సు, 50 హెర్ట్జ్ (సెకనుకు 50 బొమ్మలు). ఏజీఎం కంపెనీ రాట్లర్ వంటి శ్రేణుల్లో లెన్సునూ సెన్సర్‌నూ పేరులోనే వరుసగా చెప్పేస్తారు గనుక పోల్చుకోవడం తేలిక. 640లు చాలావరకు మీ బడ్జెట్‌కు అందవు, వాటి కోసం బెంగపడకండి కూడా. పాత సరుకు చూస్తున్నట్లయితే పిక్సెల్ వెడల్పు 12 మైక్రాన్లా, 17 మైక్రాన్లా అని అడగండి. 17 మైక్రాన్ల పాత సెన్సరుకు 35 మి.మీ. లెన్సు ఉన్నా, వివరంలో అది ఇప్పటి 25 మి.మీ. లెన్సుతో సమానం. ఏ పరికరం కొన్నా, మీ 220 గజాల కంచె దగ్గరున్నదాన్ని కాల్చే ఆలోచన మానుకోండి.

సమాధానం 2: తీరం ఉక్క

పై మిత్రుల లెక్క సరైనదే గానీ, అది పొడిగాలి లెక్క. నేను విక్టోరియా వైపు, గల్ఫ్ తీరానికి 30 మైళ్ల లోపల ఉంటాను. ఇక్కడ ఆగస్టులో సాయంత్రం వాన పడి వెలిసిన రాత్రి నా పరికరంలో నేల, చెట్లు, కంచె గుంజలు అన్నీ ఒకే వేడికి వచ్చి బొమ్మంతా గంజిలా మారిపోయింది. గాలిలోని తేమ కొంత వేడిని దారిలోనే మింగేస్తుంది. అలాంటప్పుడు పిక్సెళ్లు ఎన్ని ఉన్నా లాభం తక్కువ. చిన్న వేడి తేడాను పట్టగలిగే గుణం కావాలి. దాన్ని ఎన్‌ఈటీడీ అని మిల్లీకెల్విన్‌లలో ఇస్తారు, అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. కానీ ఆ అంకె చాలాసార్లు ఒక్క సెన్సర్‌ను విడిగా, విశాలమైన లెన్సు పెట్టి కొలిచినది. మీరు కొనే స్కోపులో లెన్సు ఇరుకైనదైతే, పెట్టె మీద 20 అని ఉన్నా కంటికి అందేది అది కాదు. లెన్సు ఎంత విశాలమో చెప్పే ఎఫ్ సంఖ్య 1.0కు ఎంత దగ్గరుంటే అంత మేలు. రెండు స్కోపులు మిగతా అన్నిటిలో సమానంగా ఉంటే నేను చూసేది ఈ ఒక్క అంకెనే.

పొద్దు గుంకిన తరువాత కూడా ఇటువంటి ఘడియ ఒకటి వస్తుంది. పగలు కాగిన రాళ్లు, నీళ్ల తొట్టి, చెట్ల మొదళ్లు చల్లారుతూ జంతువుల ఒంటి వేడికి దగ్గరగా వచ్చి, అవీ ఇవీ కలగలిసిపోతాయి. బురదలో పొర్లి వచ్చిన పంది ఒళ్లు సగం నల్లగా, సగం తెల్లగా, రెండు వేరే జంతువులు అతుక్కున్నట్టు కనబడుతుంది. కొత్తవారికి ఇవి ఎవరూ ముందుగా చెప్పరు.

నేను విభేదించేది మరొక విషయంలో. స్కోపు తుపాకీకి బిగించి ఉంటుంది గనుక, దానితో పొలమంతా వెతకడమంటే గుండు నింపిన తుపాకీని పొలమంతా తిప్పడమే. మీకు తూర్పున ఇల్లు, ఉత్తరాన ఆవులు ఉన్నాయి. అక్కడ ఏముందో చూడాలని స్కోపు అటు తిప్పినప్పుడల్లా తుపాకీ గొట్టం కూడా అటే తిరుగుతుంది. అందుకని ముందు చేతిలో పట్టుకుని చూసే చిన్న థర్మల్ మోనోక్యులర్ (ఒంటికన్ను దుర్భిణి) కొనండి. 256 సెన్సర్ చాలు. మిగిలిన డబ్బుతో తుపాకీకి డిజిటల్ నైట్ విజన్ స్కోపు పెట్టండి. వెతకడంలో థర్మల్‌ను మించినది లేదు గానీ, 120 గజాల లోపల ఆనవాలు పట్టడంలో డిజిటలే మెరుగు. చెవులు, ముట్టె, కాళ్ల తీరు, మధ్యలో అడ్డున్న ముళ్లతీగ కూడా కనబడతాయి. థర్మల్‌లో ఆ తీగ కనబడదు. డిజిటల్‌లోనూ లోపాలున్నాయి. దానికి పరారుణ టార్చి వెలుగు కావాలి. 850 నానోమీటర్ల టార్చి దూరం పోతుంది గానీ దాని ముఖాన సన్నని ఎర్రటి మెరుపు కనబడుతుంది; 940 కనబడదు గానీ దూరం పోదు. ఎత్తయిన గడ్డిలోనూ పొగమంచులోనూ ఆ వెలుగు తిరిగి మన కంట్లోనే కొడుతుంది.

వాడిన సరుకు కొంటే ఎదురుగా నిలబడి పరీక్షించండి. నేను ఒకసారి ఆన్‌లైన్ బేరంలో మోసపోయాను. పెట్టె మెరుస్తూ వచ్చింది, లెన్సు మీద గీత కూడా లేదు, ఆన్ చేస్తే మాత్రం తెర మధ్యలో కదలని నల్లటి వంకర గీత. దాన్ని ఎవరో సూర్యుడి వైపు తిప్పి సెన్సర్‌ను కాల్చేశారు. మబ్బులేని ఆకాశం వైపో, నునుపైన గోడ వైపో పెట్టి చూస్తే ఇటువంటి మచ్చలు బయటపడతాయి. షట్టరు టిక్కుమని పడి బొమ్మ అర క్షణం ఆగడం మాత్రం జబ్బు కాదు, సెన్సర్ తనను తాను సరిచేసుకునే పద్ధతి అది. ఇంకొకటి, కారు అద్దం వెనక నుంచి చూసి పాడైందనుకోకండి. మామూలు గాజు ఈ వేడి కిరణాలకు గోడతో సమానం. లెన్సుకు జెర్మేనియం వాడేదీ, ధర అంతగా పెరిగేదీ అందుకే. ఆ జెర్మేనియం పూతను చొక్కా అంచుతో మాత్రం తుడవకండి.

సమాధానం 3: ముప్పై ఒకటి ఆగస్టు

పరికరాల గురించి పెద్దలిద్దరూ చెప్పారు. నేను కాగితాల గురించి చెబుతాను, ఎందుకంటే మనవాళ్లలో సగం మంది ఇక్కడే కాలు జారుతారు.

టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, భూమి యజమాని అనుమతితో, అడవిపందులను వేటాడటానికి 2019 సెప్టెంబరు 1 నుంచి వేట లైసెన్సు అవసరం లేదు. రాత్రి వేటకూ థర్మల్‌కూ అడ్డు లేదు. ఈ మాట విని చాలామంది లైసెన్సు మానేస్తారు. కానీ మీలో ఎవరైనా హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉంటే, సమాఖ్య చట్టం ప్రకారం వారు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడమే నేరం. దానికున్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. అంటే పందికి అక్కరలేని లైసెన్సు మనిషికి కావాలి. టెక్సాస్ వార్షిక వేట లైసెన్సులు మీరు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తాయి. నా పేరు చూసి ఇదేమి పేరని అడుగుతుంటారు. ఒక ఏడాది నా లైసెన్సు ముగిసిన సంగతి సెప్టెంబరు మూడో వారంలో గుర్తుకొచ్చి, తుపాకీ ఇంట్లో పెట్టుకుని ఒళ్లంతా చెమటలు పట్టాయి. అప్పుడు పెట్టుకున్న పేరిది. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవారికి ఈ చిక్కు లేదు. అనుమానం ఉంటే వలస వ్యవహారాల న్యాయవాదిని అడగండి, స్నేహితులను కాదు. లైసెన్సుకు వెళితే, 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ కోర్సు పూర్తి చేయాలని కూడా గుర్తుంచుకోండి.

రెండోది, దుప్పులు. తెల్లతోక దుప్పిని సూర్యాస్తమయం తరువాత అరగంట దాటాక కాల్చడం నేరం. మన చుక్కల దుప్పి కూడా టెక్సాస్‌లో ఉంది, 1932లో తెచ్చి వదిలారు. దక్షిణాన కింగ్ రాంచ్ వైపు వెళితే మన మనుబోతులూ గుంపులుగా కనబడతాయి. ఇక్కడి వేటగాళ్లు నీల్గాయ్ అంటూ నాకే దాని గుణగణాలు వివరిస్తుంటే విని ఊరుకున్నాను. చుక్కల దుప్పి పరాయి జాతి లెక్కలోకి వస్తుంది గనుక దానికి వేట కాలం లేదు గానీ, లైసెన్సు తప్పదు. చిక్కేమిటంటే థర్మల్‌లో చుక్కలు కనబడవు. చుక్క రంగులో తేడా, వేడిలో తేడా కాదు. ఆ తెరలో రెండు దుప్పులూ ఒకే రకం తెల్లని జంతువులు. కాబట్టి, కాళ్లు పొడుగ్గా ఉండి మెడ పైకెత్తినది ఏదైనా సరే, రాత్రిపూట మీ లెక్కలోకి రానివ్వకండి.

రాత్రి తుపాకీ మోత వినిపిస్తే ఎవరో ఒకరు ఫోను చేస్తారు, గేమ్ వార్డెన్ (వేట చట్టాల అమలు చూసే అధికారి) వస్తాడు. బయలుదేరే ముందే ఆయనకు ఫలానా చోట పందుల కోసం ఉంటామని చెప్పి ఉంచడం ఇక్కడి మర్యాద. చివరగా, మీలో ఎవరికైనా ఈ స్కోపును సెలవుల్లో ఊరికి తీసుకువెళ్లి చూపిద్దామనే ముచ్చట ఉంటే ఇప్పుడే వదులుకోండి. తుపాకీకి బిగించే థర్మల్ స్కోపును ప్రభుత్వ అనుమతి లేకుండా అమెరికా దాటించడం ఆయుధ ఎగుమతి నేరమవుతుంది. అక్కడ దానితో చేయగలిగిన పని కూడా లేదు. మన దేశంలో 1972 నుంచి వన్యప్రాణి చట్టం వేటను కట్టడి చేసింది.

ప్రశ్నించినవారు: లిటిల్ రివర్ ఒడ్డు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మా ముగ్గురిలో ఇద్దరికి గ్రీన్ కార్డు ఉంది. మూడో మిత్రుడు హెచ్-1బి మీద ఉన్నాడు. ఈ సమాధానం చదివిన రాత్రే అతను శిక్షణ కోర్సులో చేరాడు. అది ముగిసి లైసెన్సు చేతికి వచ్చేదాకా తుపాకీ జోలికి రానన్నాడు.

స్కోపు ఇంకా కొనలేదు. ఉక్క గారి మాట విని, కౌలుదారు కొడుకు దగ్గరున్న థర్మల్ మోనోక్యులర్ అడిగి తీసుకుని, తుపాకీ ఇంట్లో వదిలేసి, ఆరు రాత్రులు మంచె మీద కూర్చుని ఊరికే చూశాం. మొదటి రెండు రాత్రులు దోమలు తప్ప ఏమీ రాలేదు. మూడో రాత్రి ఒంటిగంట దాటాక మంద వచ్చింది. పెద్దవి అయిదు, పిల్లలు తొమ్మిదో పదో. అవి వచ్చిన దారి చూసి ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మేము ఊహించినట్టు దూరపు కంచె వైపు నుంచి కాదు, తూర్పు మూలన తూము దగ్గర కంచె లేచిపోయిన సందులోంచి వచ్చి, ఫీడరుకు తూర్పు పక్కనే నిలబడి తిన్నాయి. అంటే మంచె మీద నుంచి గురి చూస్తే సరిగ్గా వాటి వెనకనే కౌంటీ రోడ్డు. ఎంత ఖరీదు స్కోపు పెట్టినా అక్కడ ఒక్క తూటా కాల్చే వీలు లేదు. మిగతా మూడు రాత్రులూ ఆ దారినే వచ్చాయి. ఒక రాత్రి వాటితో పాటు రెండు దూడలు కూడా మొక్కజొన్న తింటూ కనబడ్డాయి.

అందుకని ఫీడరును పడమటి వైపు వాగు గట్టు కిందికి మార్చాం. గట్టు రెండు నిలువుల ఎత్తు మట్టి కనుక తూటా దాటిపోదు. పశువులు దూరకుండా ఫీడరు చుట్టూ చిన్న కంచె కూడా వేస్తున్నాం. మంచె నుంచి కొత్త చోటు 90 గజాలు. కొత్త లెక్క ప్రకారం 25 మి.మీ. లెన్సు సరిపోతుందా? లేక 35 మి.మీ. దగ్గరే ఉండమంటారా?

సమాధానం 4: మంచె మీద మనిషి

90 గజాల్లో 25 మి.మీ. లెన్సు మీ పందిని 30 పిక్సెళ్ల పొడవు, 16 పిక్సెళ్ల ఎత్తుగా చూపుతుంది. 120 గజాల్లో 35 మి.మీ. ఇచ్చేదానికి ఇది దాదాపు సమానం. పైగా 384 సెన్సర్‌తో 25 మి.మీ. అయితే ఫీడరు దగ్గర 16 గజాలకు పైగా వెడల్పు కనబడుతుంది; 35 మి.మీ.లో 12 గజాలే. పద్నాలుగు పందుల మందకు ఆ నాలుగు గజాలు కావాలి. కాబట్టి 25 మి.మీ., 384 తీసుకోండి. మిగిలిన డబ్బులో ఒక మంచి మౌంటు, మీకు సొంతంగా ఒక చిన్న మోనోక్యులర్ చూసుకోండి. ఉక్క గారితో మొదట వాదించబోయాను గానీ, మీ తూము కథ విన్నాక చెప్పడానికి ఏమీ మిగలలేదు. .308 దెబ్బకు ఆ మోడల్ తట్టుకుంటుందని తయారీదారు రాసి ఇచ్చారో లేదో కొనే ముందే చూడండి. బ్యాటరీ విప్పి మార్చుకునే రకమైతే రాత్రి మధ్యలో ఇంటికి రానక్కరలేదు.

గురి సరిచేసేటప్పుడు మామూలు కాగితం టార్గెట్ ఈ తెరలో దాదాపు ఖాళీగానే కనబడుతుంది. అట్టకు రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, వెనక చేతులు వెచ్చబెట్టుకునే వేడి పొట్లం ఒకటి అంటించండి. పగలైతే అల్యూమినియం టేపు చిన్న ముక్క అంటించి అట్టను కాస్త పైకి వంచండి. అది చల్లని ఆకాశాన్ని ప్రతిఫలించి నల్లని చుక్కలా నిలుస్తుంది. 25 మి.మీ. లెన్సులో గురి ఒక పిక్సెల్ జరిగితే 100 గజాల దగ్గర 4 సెంటీమీటర్లకు పైగా జరిగినట్టు లెక్క. కొన్ని మోడళ్లలో జూమ్ పెంచి సరిచేస్తే ఇంకా చిన్న అడుగులు వేయవచ్చు, లేనివాటిలో ఆ తేడాతోనే సరిపెట్టుకోవాలి. 90 గజాల్లో పంది చెవి వెనక గురి పెట్టాలని చూడకుండా భుజం మీద పెడితే ఆ 4 సెంటీమీటర్లు మిమ్మల్ని ఏమీ చేయవు.

సమాధానం 5: తీరం ఉక్క

తూము దగ్గరి సందు మూయకండి. మూస్తే అవి ఇంకొకచోట కంచె లేపుతాయి, ఆ చోటు కనిపెట్టడానికి మళ్లీ ఆరు రాత్రులు దోమలకు రక్తమివ్వాలి. ఫీడరు కొత్త చోటికి అలవాటు పడటానికి వాటికి రెండు మూడు వారాలు పడుతుంది, అంతవరకు తుపాకీ తీయకండి. పడిన పందిని ముట్టుకునే ముందు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి, వీటి రక్తం ద్వారా బ్రూసెల్లోసిస్ అనే జబ్బు మనుషులకు అంటుతుంది.

ప్రశ్నించినవారు: లిటిల్ రివర్ ఒడ్డు

సందు అలాగే ఉంచాం. 25 మి.మీ., 384 స్కోపు ఆర్డరు పెట్టాం. మౌంటుతో కలిపినా బడ్జెట్ దాటలేదు, చిన్న మోనోక్యులర్‌కు మాత్రం ముగ్గురం తలా కొంత వేసుకోవలసి వచ్చింది. నిన్న రాత్రి దానితో చూస్తే గట్టు కింద ఫీడరు దగ్గర ఒంటరి మగపంది ఒక్కటే ఉంది. మిగతా మంద ఇంకా పాత చోటే వాసన చూస్తూ తిరుగుతున్నది.